తేలడం చాలండి

ఈత కొలను మేనేజరు గారికి,

నాలుగు నెలలైనా ఈత రాలేదు కాబట్టి పెద్దవాళ్ళ బ్యాచిలో నా చోటు ఇంకొకరికి ఇస్తామని రాశారు. మీ మాటలో తప్పు లేదు. నాకు అరవై ఎనిమిదేళ్ళు. నలభై రెండేళ్ళు కుట్టుమిషను తొక్కాను. నీళ్ళలో దిగితే కాళ్ళు వాటంతటవే మిషను తొక్కుతాయి. ఈత నేర్పే అమ్మాయి మొదటిరోజే నవ్వాపుకోలేక, "అమ్మమ్మగారూ, ఇక్కడెవరూ కుట్టడానికి బట్టలివ్వలేదండీ, కాళ్ళు వదిలేయండి" అంది. ఆ వదలడమే నాకు చేతకాదు. నిద్రలో కూడా తొక్కుతున్నానని మా ఆయన బతికున్నన్నాళ్ళూ విసుక్కునేవారు.

రావడమూ తేలిక కాదు. రెండు బస్సులు మారాలి. ఇంటికి చేరేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. "ఈ వయసులో నీకీ సరదా ఏమిటే?" అని మా అక్క రోజూ దెప్పుతుంది.

పోయిన గురువారం ఆ అమ్మాయి నా వీపు కింద చెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టింది. ఆ చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలీదు. పైకప్పు రేకుల మీద నీటి వెలుగు ఆడుతుంటే చూస్తూ ఉండిపోయాను. "అమ్మమ్మగారూ, మీ కాళ్ళు!" అని ఒడ్డునుంచి అరిచింది. రెండూ కదలకుండా ఉన్నాయి.

నాకు ఈత రాకపోయినా ఫరవాలేదండీ, నా చోటు మాత్రం తీసేయకండి. లోతు తక్కువ వైపు ఒక మూల చాలు. నలభై రెండేళ్ళకి నా కాళ్ళు ఆగిన చోటు అదొక్కటే.

ఇట్లు,
గురువారం బ్యాచిలో అందరికంటే వెనకుండే ఆవిడ