ఊరికే ఒక చుక్క

క్యారీ నుంచి

చిన్నక్కా,

ఇక్కడ అందరం కులాసా, కంగారు పడకు. నా ప్రింటర్ పనికి పేటెంట్ వచ్చింది. వాడకుండా వదిలేస్తే ప్రింటర్‌లో ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు ఎండి పూడుకుపోతాయి. అందుకని పనిలేనప్పుడు కూడా అది అప్పుడప్పుడూ ఒక్కో చుక్క పక్కకి చిమ్ముకునేలా నేను ప్రోగ్రామ్ రాశాను. నిన్న మీటింగ్‌లో, కొత్తగా వచ్చిన మేనేజర్ కౌస్తుభ్, "ఎవరూ ప్రింట్ చేయనప్పుడు ఇంక్ వేస్ట్ కదండీ?" అన్నాడు. "ఆ చుక్క ప్రింట్ కోసం కాదు, ఎండిపోకుండా ఉండటానికి" అన్నాను. అన్నాక నువ్వు గుర్తొచ్చావు. ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నా చెవికెక్కలేదు.

బావగారి మోకాలినొప్పి తగ్గిందా? మీ వీధి రేష్మ ఇక్కడికి చదువుకు వచ్చేటప్పుడు గుమ్మడి వడియాలు పంపు. ఫోన్‌లో నీ వెనకాల కుట్టుమిషను చప్పుడు వినబడటం లేదు, అమ్మేశావా?

నేను ఫోన్ చేస్తే "కొత్తగా ఏముంటాయే, అంతా మామూలే" అని పెట్టేస్తున్నావు. నువ్వు చేయడం ఎప్పుడో మానేశావు. కొత్త సంగతులు నాకెందుకక్కా?

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పాలు పొంగిపోయాయని చెప్పడానికైనా సరే, ఒకసారి ఫోన్ చెయ్యి.

నీ హైమ