రెండంగుళాలు కుంగిన ఇల్లు

మంగళవారం, రాత్రి

సకల కుటుంబ సభ్యులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నా దువ్వెనను ఇకపై ఎవరూ ముట్టరాదు!

మా డెల్టాలో బావులేసి గ్యాసు, ఉప్పునీరు తోడేకొద్దీ అడుగున రాతిపొర పైబరువుకు అణిగి, నేల కుంగుతుందట. అది విని పక్కింటి బషీర్‌ను ఏడిపిద్దామని, మేస్త్రీలు మట్టం చూసే నీళ్లపైపుతో వాడి అరుగు కొలిచి, "రెండంగుళాలు దిగిందిరోయ్" అన్నాను.

వాడు ఇల్లు అమ్మకానికి పెట్టేశాడు! సాయంత్రం వచ్చి, "అన్నా, రేపు కొనేవాళ్లొస్తున్నారు. చిన్నపిల్లలున్నోళ్లంట. ఆ కొలత నువ్వే చెప్పు. దాచి అమ్మితే వాళ్ల ఉసురు నాకు తగలదూ?" అన్నాడు.

చెబితే ఆ ఇల్లు ఎవరూ కొనరు. అసలు సంగతి ఒప్పుకుంటే ఇరవై ఏళ్ల స్నేహం పోతుంది.

"అసలేం కొలిచారండీ?" అంది మా ఆవిడ. వినపడనట్టు దువ్వెన వెతుక్కున్నాను.

పైపులో నీళ్లే పోయలేదు. ఆ రెండంగుళాలూ నేను అప్పటికప్పుడు కల్పించినవే.