సోమవారం వచ్చే లారీ

ఆళ్లగడ్డ దగ్గర తోట పని నుంచి,
గురువారం.

ప్రియమైన దానియేలు అన్నకు, నీ చెల్లెలు రూతమ్మ వందనాలు చేసి రాస్తున్న ఉత్తరం. అమ్మ, నాయన, వదిన, పిల్లలు, మన చెల్లి ఎస్తేరు అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మకు దగ్గు తగ్గిందా? నాయన చుట్ట మానాడా, మానానని చెప్పి దొడ్లోకి పోయి తాగుతున్నాడా?

ఎప్పుడూ దీని కింద ఇక్కడ మేమంతా క్షేమం అని రాసేదాన్ని. ఈసారి ఆ మాట రాయలేదు, చూసుకో. మరిచిపోయి కాదు.

ముందు అసలు సంగతి చెప్తాను. సోమవారం పొద్దున మన ఊరికి మేస్త్రీ పుల్లన్న లారీ తెస్తాడు. పనికి వస్తామన్న పదకొండు మంది పేర్లు అతని దగ్గర ఉన్నాయి. ఎస్తేరు పేరు కూడా ఉంది. ఒక్కరు కూడా ఆ లారీ ఎక్కకూడదు అన్నా. ఎస్తేరు అలిగి అన్నం మానేసినా సరే, ఎక్కనీయొద్దు.

నా పోయిన ఉత్తరాన్ని ఆదివారం ప్రార్థన అయ్యాక నువ్వు చర్చిలో చదివి వినిపించావని మేస్త్రీయే చెప్పాడు. ఊరు విడిచి పోయినవాళ్ల ఉత్తరం అలా చదవడం మనకు మామూలే కదా. అది విన్నాకే వాళ్లంతా పేర్లు ఇచ్చారు. ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా లేదు, అదే నేను చూపిన తెలివి. మొదట్లో నంద్యాలలో ఉన్న రెండు నెలల సంగతులు ఇప్పటివే అన్నట్టు రాశాను. అక్కడ కొళాయి ఉండేది, ఆదివారం సెలవు ఉండేది, వారం వారం కూలీ చేతికి వచ్చేది. బ్యాంకు ఆఫీసర్ల ఇళ్ల ముందు పూలమొక్కలు నాటితే వాళ్లు మంచినీళ్లు ఇచ్చి మరీ మాట్లాడేవాళ్లు.

తర్వాత ఆళ్లగడ్డ ఇవతల ఒక గెస్టుహౌసు తోట పనికి తెచ్చారు. రేషన్ కార్డులు బియ్యం కోసమని తీసుకున్నారు, పెట్టెలు భద్రం అని షెడ్డులో పెట్టి తాళం వేశారు. కుందూ ఏటి గట్టున గరికను మట్టితో సహా పలకలుగా కోసి, తడి గోనెల్లో చుట్టి తెచ్చి ఇక్కడ పరుస్తాం. కోసిన గడ్డి వాడిపోకముందే నేలకు పట్టాలి, అందుకని నడుం ఎత్తడానికి లేదు. ఆదివారం లేదు. ప్రార్థనకు పోతామంటే, "దేవుడు ఈడ ఇనడా ఏంది? గడ్డి నాటుకుంటా చేసుకో," అన్నాడు మేస్త్రీ. కూలీ పని ముగిశాక ఒకేసారి ఇస్తారట. ఆ పని ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పరు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, కంట్రాక్టరు ఎప్పుడో జీపులో వచ్చి గడ్డిని చూసి పోతాడు, మమ్మల్ని చూడడు.

మా ఆయన కాలి మీద పార పడి నెల అయింది. పుండు మానలేదు, వాపు మోకాలి దాకా వచ్చింది. ఇంటికి పంపమని అడిగితే మేస్త్రీ నవ్వాడు. "పో రూతమ్మా, ఎవురొద్దన్యారు? మీ జోడీ పోవాలంటే మీ ఊర్నుంచి రెండు జోడీలు రావల్ల. నువ్వు సదువుకున్నేదానివి, బాగా రాయి. నేనే డబ్బాలో ఏస్తా."

ఇక్కడ పద్ధతి అదేనన్నా. పోవాలనుకున్నవాళ్లు తమవాళ్లను పిలిపించాలి. వచ్చినవాళ్లు ఇంకొకరిని పిలిపించాలి. చదువు రానివాళ్లందరికీ ఉత్తరాలు రాసిపెట్టింది నేనే. అప్పుడు నాకు అర్థమైంది, మన ఊరి సుందరమ్మ వదిన ఉత్తరం మన చర్చిలో చదివితే కదా మేమిద్దరం బయలుదేరాం. మేము, మాతో వచ్చిన ఇంకో జోడీ ఈ తోటలో దిగిన మూడో రోజే ఆమె ఊరికి వెళ్లింది. పోయేటప్పుడు నా మొహం కూడా చూడలేదు, పొగరనుకున్నాను.

అన్నీ తెలిసే నేనూ రాశాను. నలుగురు వస్తారులే, ఎవరో ఒకరు వస్తారులే అనుకున్నాను. ఆ ఎవరో అన్న మాట వెనక నేను మొహాలు పెట్టుకోలేదు. మొన్న మేస్త్రీ పేర్లు చదువుతుంటే ఎస్తేరు పేరు వచ్చింది. నా చేతిలో గరిక పలక కింద పడిపోయింది. గుడిసెకు వచ్చి మా ఆయనకు చెప్పాను.

"నా కాలు ఏమన్నా కానీ. ఆ పిల్ల ఈడికి రాగూడదు. ఎవురూ రాగూడదు. రాయి," అన్నాడు.

ఇక్కడికి గాజులు అమ్మడానికి హుసేన్‌బీ అనే ముసలామె వస్తుంది. ఆత్మకూరులో కూతురి ఇంటికి పోతోంది. దారిలో మన ఊర్లో దిగి నీ చేతికే ఇస్తానంది. మేస్త్రీ పట్టుకుంటాడేమోనని నాకు భయం. ఆమెకు లేదు. "ఇయ్యి బిడ్డా. నా గాజుల గంపలో చెయ్యి పెట్టే మొగోడు యాడుండాడు," అంది. ఆమెకు అన్నం పెట్టి పంపు.

ఈ ఉత్తరం కూడా చర్చిలో, అదే చోట నిలబడి చదువు. నా పేరు దాచొద్దు. నమ్మనివాళ్లకు రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చేతిరాత చూపించు. సుందరమ్మ వదిన అక్కడే కూర్చుని ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అనొద్దు, అంటే నన్ను కూడా అనాలి. ఆమె నోరు తెరిచి చెబితే నా మాటకు బలం వస్తుంది. అమ్మకు కాలు సంగతి చెప్పొద్దని రాయబోయాను, అందరి ముందు చదవమంటూ అదెట్లా కుదురుతుంది?

మనుషుల్ని ఇలా పట్టిపెట్టి పని చేయించుకోవడం నేరమని చట్టం వచ్చిందని నువ్వే ఒకసారి పేపరు చదివి చెప్పావు. నేను బియ్యం ఏరుకుంటూ సగమే విన్నాను. ఈ కాగితం వెనక మా పదహారు మంది పేర్లు, ఊర్లు రాశాను. పెద్దమనుషులను ఇద్దరిని వెంటబెట్టుకుని తాసిల్దారు దగ్గరికి పో. త్వరగా పో అన్నా, కాలు నల్లబడుతోంది.

ఇతను కాకపోతే రేపు ఇంకో మేస్త్రీ వస్తాడు. వానలు రాకపోతే మనవాళ్లు పోకుండా ఉండలేరు. పోయేవాళ్లు కార్డు ఇంట్లోనే పెట్టి పోవాలి. ముందు ఒకరు పోయి, పని చూసి, తిరిగి వచ్చి నోటితో చెప్పాలి. ఉత్తరాన్ని నమ్మొద్దు, నాదైనా సరే. మనిషి తిరిగి రాగలిగితేనే అది పని.

అమ్మకు, నాయనకు మా ఇద్దరి వందనాలు. వదినకు, పిల్లలకు ముద్దులు. చర్చి అయ్యగారిని మా కోసం ప్రార్థన చేయమని చెప్పు. ఎస్తేరుకు నా మీద కోపం వస్తే, అక్క ఒకసారి తప్పు చేసింది, రెండోసారి చేయలేదని చెప్పు.

వెంటనే జవాబు రాయమని ఎప్పుడూ అడిగేదాన్ని. ఈసారి రాయొద్దు, మేస్త్రీ చేతిలో పడుతుంది. సోమవారం సాయంత్రం గడ్డి నాటుకుంటూ గేటు వైపే చూస్తుంటాను. లారీ ఖాళీగా వస్తే నీ జవాబు అందినట్టే.

నీ చెల్లెలు,
రూతమ్మ