సీటు జరపను

27 నంబరు కారు మాస్టారికి నమస్కారం.

నేను కార్ల పోటీల ట్రాక్ క్లబ్బు కార్యదర్శిని. పోటీ మొదలయ్యే గీత దగ్గర పెట్టె ఎక్కి జెండా ఊపేది నేనే. పెట్టె ఎక్కకపోతే జనానికి జెండా ఒక్కటే కనిపిస్తుంది, నేను కనిపించను. మీ ఆవిడ, మా అక్కయ్య, కన్నుమూసిన వారం ఆమె కారు తెచ్చి మీ వాకిట్లో పెట్టి, పలకరించడానికి నోరు రాక తాళంచెవి మీ చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ పలకరింపు ఇప్పుడు చేస్తున్నాననుకోండి.

ఆమె కారు మీరు నడుపుతారని మేమెవరమూ అనుకోలేదు. ఒక్కసారైనా ట్రాక్ వైపు తొంగిచూడని మనిషి, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషి, హెల్మెట్ పెట్టుకుని వరసలోకి వస్తే అందరం నోళ్లు తెరిచాం. తర్వాత సంతోషించాం. ఆ తర్వాత పోటీ మొదలైంది.

మొదటి పోటీ మీద కమిటీకి రెండు ఫిర్యాదులు వచ్చాయి. మీరు ప్రతి మలుపులోనూ హారన్ కొట్టారు. ఎడమ మలుపులో పొడుగ్గా, కుడి మలుపులో ముక్కలు ముక్కలుగా. ఇక్కడ గేదెలేవీ అడ్డం రావు, గమనించగలరు. రెండోది, వెనకవాళ్లకు దారి ఇవ్వలేదు. పళ్ల డాక్టరు గారు మొదటి నుంచి చివరిదాకా మీ వెనకే తిరిగి, మీ డిక్కీ మీద సొట్టలన్నీ తనకు కంఠతా వచ్చాయంటున్నారు. దయచేసి అద్దం చూసుకోండి.

ఇంకో సంగతి. నంబరు సొంతదారు పోయినప్పుడు అది ఇంట్లోవాళ్లకు దక్కాలంటే, ఆ కారు ఆ ఏడాది ఐదు పోటీలూ పూర్తి చేయాలి. ఒక్కటి తప్పినా 27 చేయి మారిపోతుంది. పళ్ల డాక్టరు గారు దాని కోసం కాచుకుని ఉన్నారు. 32 ఖాళీగా ఉంది, మీ వృత్తికి అదే నప్పుతుంది అని చెప్పి చూశాను. వినలేదు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. ఆమెను మేమంతా అక్కయ్యా అనేవాళ్లం. ఆ వరసన మీరు మా నలభైమందికీ బావగారు. సరేనంటే అలాగే పిలుస్తాం.

*

కార్యదర్శి గారికి,

మీ ఉత్తరం అందింది. హారన్ నేను కొట్టలేదు. మోకాలు.

అద్దం చూశాను. అందులో వెనక సీటు మీది చిరుగు కనిపిస్తుంది. కార్లు కనిపించవు.

ఐదు పోటీలూ పూర్తి చేస్తాను. 27 ఎవరికీ ఇవ్వకండి.

భవదీయుడు,
27

తా.క. బావగారు అక్కర్లేదు.

*

మాస్టారికి నమస్కారాలు.

మీ ఉత్తరంలో ‘మోకాలు’ అన్న ఒక్క మాట చదివి కమిటీ మొత్తం కదిలిపోయింది. చదువుకున్నవాళ్లు నొప్పిని కూడా ఒక్క ముక్కలో సరిపెడతారు కదా అనుకున్నాం. బాధతో విలవిల్లాడుతూ హారన్ మీద పడిపోయిన మనిషిని తప్పు పట్టినందుకు సిగ్గుపడుతున్నాం.

మందునూనె సీసా ఒకటి పంపుతున్నాను. గోరువెచ్చగా చేసి మర్దన చేసుకోండి. అలాగే, ఒంట్లో బాగోలేదని ముందుగా తెలిపిన పోటీదారు వెనక అంబులెన్స్ నడవాలని మా నిబంధన. ఇంతవరకు ఎవరూ తెలపలేదు. మా అంబులెన్స్ డ్రైవరు గేటు దగ్గర కూర్చుని కూర్చుని విసిగిపోయి ఉన్నాడు. కబురు వినగానే లేచి బండి కడిగాడు. రెండో పోటీ నుంచి మిమ్మల్ని వదలడు.

ఇట్లు,
మీ క్షేమం కోరే కార్యదర్శి

తా.క. సీసా మీద గుర్రం బొమ్మ ఉంటుంది. పట్టించుకోకండి. మా మామగారు అదే వాడారు. ఇప్పుడు ఆయన్ని పట్టుకోలేకపోతున్నాం.

*

కార్యదర్శి గారికి,

మోకాలికి జబ్బు లేదు. చోటు లేదు.

రెండో పోటీ పూర్తి చేశాను. మోకాలు తగిలి వైపరు మీట విరిగింది. ఎండలో వైపర్లు చివరిదాకా తిరిగాయి. తాళంచెవి కూడా విరిగింది. కారును మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్లాను.

“సార్, సీటు వెనక్కి జరిపితే ఏ రిపేరూ లేదు” అన్నాడు.

“సీటు జరపను.”

“పోనీ అద్దం కాస్త తిప్పనా?”

“వద్దు.”

“అయితే మీరూ, సీటూ అలాగే ఉండండి. కారే సర్దుకుంటుంది” అని రంపం తెచ్చి స్టీరింగ్ కింద సగం కోసేశాడు. హారన్ మీటను పైకప్పుకు బిగించాడు. ఇప్పుడది మోకాలికి తగలదు. తలకు తగులుతుంది.

అంబులెన్స్ డ్రైవరు ప్రతి చుట్టులోనూ నా పక్కకు వచ్చి “ఎలా ఉంది సార్?” అని అడుగుతున్నాడు. బాగానే ఉందని చెబుతున్నాను. నమ్మడం లేదు. దయచేసి మాన్పించండి.

భవదీయుడు,
27

తా.క. నూనె తలుపు బందులకు వేశాను. బాగా పనిచేస్తోంది. మీ మామగారితో చెప్పండి.

*

మహావీరులైన మాస్టారికి శుభాకాంక్షలు.

మూడో పోటీలో మీరు మొదటి స్థానంలో వచ్చారు. మేమింకా తేరుకోలేదు.

ఏం జరిగిందో మీకు తెలిసి ఉండదు. మిమ్మల్ని మాటలతో విసిగించవద్దని అంబులెన్స్ డ్రైవరుకు గట్టిగా చెప్పాను. మాట్లాడొద్దంటే, వాడు సైరన్ వేసుకున్నాడు. సైరన్ వినిపిస్తే ట్రాక్ మీద ఎవరైనా పక్కకు తప్పుకోవాలి, అది అన్నిటికంటే పెద్ద నిబంధన. ముందు మీ హారన్, వెనక సైరన్. తప్పుకున్నవాళ్లు తప్పుకున్నట్టే ఉండిపోయారు. మీరు హాయిగా గీత దాటారు. మీ వెనకే అంబులెన్స్ దాటింది. పళ్ల డాక్టరు గారు మూడో స్థానం.

ఆయన ఊరుకుంటారా. “అంబులెన్సుకి కప్పేంటండీ?” అన్నారు. “డాక్టరు గారూ, అందరూ మొదలుపెట్టిన చోటే మొదలుపెట్టాను, గీతా దాటాను, ఎవర్నీ గుద్దలేదు. ఇంకేం చెయ్యాలో చెప్పండి” అన్నాడు డ్రైవరు. కమిటీ సాయంత్రందాకా తలలు పట్టుకుని, చివరికి రెండో కప్పు వాడికే ఇచ్చింది. అంబులెన్సులోని నర్సు కూడా బహుమతుల బల్ల ఎక్కి ఫొటో దిగింది.

మీ కప్పు దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
పెట్టె మీద నుంచి అంతా చూసిన కార్యదర్శి

తా.క. పళ్ల డాక్టరు గారు మీ కిటికీలోకి తల పెట్టి సగం స్టీరింగును చాలాసేపు చూశారు. మీ మోకాళ్లు పైకెందుకు ఉంటాయని నన్నడిగారు. అదొక పద్ధతి అని చెప్పాను. ఏదో ఒకటి చెప్పాలి కదా.

*

కార్యదర్శి గారికి,

గెలవడం నా ఉద్దేశం కాదు. పూర్తి చేయడమే. కప్పు తిరిగి పంపుతున్నాను.

అది పద్ధతి కాదని డాక్టరు గారికి చెప్పండి.

భవదీయుడు,
27

తా.క. కాలేజీలో ప్రిన్సిపాలు నన్ను లేచి పలకరించారు. కుర్చీ చూపించి, మోకాళ్లు జాగ్రత్త అన్నారు. ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. సీసా బల్ల మీద పెట్టారు. గుర్రం బొమ్మ ఉంది.

*

మాస్టారూ,

పద్ధతి కాదని చెప్పాను. ‘గెలిచినవాడు ఎప్పుడైనా రహస్యం చెబుతాడా’ అన్నారు డాక్టరు గారు. కొంప మునిగింది.

నాలుగో పోటీలో మీరే చూశారు. వరసలో నిలబడ్డ కార్లన్నిట్లో మోకాళ్లు చెవుల దగ్గర ఉన్నాయి. అందరూ సీట్లు ముందుకు జరుపుకున్నారు, స్టీరింగులు కోయించుకున్నారు, హారన్లు నెత్తికి బిగించుకున్నారు. మీ మెకానిక్కు ‘27 నంబరు పద్ధతిలో స్టీరింగులు కోయబడును’ అని బోర్డు కట్టాడు. గుంత వచ్చిన చోటల్లా ట్రాక్ మొత్తం ఒక్కసారిగా మోగింది. అంబులెన్స్ డ్రైవరు ఎవరి వెనక పోవాలో తెలియక నడిమధ్య బండి ఆపి కళ్లు మూసుకున్నాడు. మీరు మామూలుగా ఏడో స్థానంలో పూర్తి చేశారు, మెచ్చుకోవాలి.

పక్క వీధివాళ్లు గుంపుగా వచ్చి పోలీసుల్ని కూడా తెచ్చారు. దాంతో కమిటీకి గత్యంతరం లేకపోయింది. ఆఖరి పోటీకి ముందు గేటు దగ్గర టేపుతో కొలుస్తారు. కాలి పొడవుకు తగ్గట్టు సీటు వెనక్కి జరపనివాళ్లను లోపలికి రానివ్వరు. ఎవరికీ మినహాయింపు లేదు.

మీకిది చిన్న పని. మీట లాగి నెట్టడమే. ఒక్క ఆదివారం గడిస్తే 27 మీదే.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. బజారులో గుర్రం బొమ్మ నూనె దొరకడం లేదు. మా మామగారు మళ్లీ కుంటుతున్నారు. మీ సీసాలో ఏమైనా మిగిలిందా?

*

కార్యదర్శి గారికి,

సీటు జరపను.

కారణం చెప్పలేదు. చెప్పకపోతే బాగుండదు. ఆ కారులో చివరిసారి కూర్చున్నది ఆమె. సీటు ఆమె జరుపుకున్న చోట ఉంది. అద్దం ఆమె తిప్పుకున్న వైపు ఉంది. ఇంట్లో మిగతావన్నీ చుట్టాలు సర్దేశారు. వాళ్లను అనడానికి లేదు, సాయం చేద్దామనే వచ్చారు. దువ్వెన కడిగారు. చెప్పులు ఎవరికో ఇచ్చారు. ఆమె వదిలినవి వదిలినట్టు ఉన్నవి ఈ రెండే.

నంబరు కావాలనే ఇంతదూరం వచ్చాను. సీటు అంతకంటే కావాలి. 27 డాక్టరు గారికి ఇవ్వండి.

భవదీయుడు,
27

తా.క. సీసా పంపుతున్నాను. అంబులెన్స్ డ్రైవరు అడిగితే బాగానే ఉన్నానని చెప్పండి.

*

మాస్టారూ,

మీ ఉత్తరం కమిటీలో చదివాను. చివరిదాకా చదవలేకపోతే నర్సు అందుకుని చదివింది. పళ్ల డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, “32 ఖాళీగా ఉందన్నావుగా, రాసుకో” అన్నారు. అంబులెన్స్ డ్రైవరు బయటికి వెళ్లి సైరన్ వేశాడు. వాడికి దుఃఖం వస్తే ఏం చేయాలో తెలియదు.

కానీ టేపు పోలీసుల చేతిలో ఉంది, నా చేతిలో లేదు. డాక్టరు గారు వదులుకున్నా, ఐదో పోటీ పూర్తి కాకపోతే 27ను మీ పేరు మీద నుంచి కొట్టేయాల్సిందే. అయినా ఆదివారం కారు తీసుకుని గేటుదాకా రండి. బతిమాలుదాం. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గరే అందరం కాసేపు నిలబడదాం. అది ఆమె కారు కదా.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. మీరు చెప్పింది నిజం. అక్కయ్య ఆ కారు మీద ఇంకొకరి చేయి పడనిచ్చేది కాదు.

*

కార్యదర్శి గారికి,

ఆదివారం గేటు దగ్గర నేనెందుకలా నవ్వానని అందరూ అడిగారు. అంబులెన్స్ డ్రైవరు స్ట్రెచరు దింపాడు. అప్పుడు చెప్పలేకపోయాను.

నేను టేపు పట్టుకున్న పోలీసుతో మాట్లాడుతున్నాను. కారు గేటుకు అడ్డంగా ఉంది. మీరు “ఒక్క నిమిషం, పక్కకు తీస్తానుండండి” అని ఎక్కి కూర్చున్నారు. సీటు జరపలేదు. మీ కాళ్లు సరిగ్గా పెడళ్ల మీద ఆనాయి. మోకాళ్లు దేనికీ తగల్లేదు. కొలత ఇచ్చి కుట్టించుకున్న చొక్కాలా ఉంది.

“భలేగా ఉందే, ఆ రోజు నేను దిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచారు” అన్నారు. తర్వాత, “అద్దం సంగతి నాకు తెలియదండీ. అది నాకు అందదు” అన్నారు.

కారు మా వాకిట్లోకి తెచ్చింది మీరు. ఈ ఏడాదంతా నేను కాపాడింది మీ సీటును. మెకానిక్కు కారంతా కోసింది మీ కాళ్ల కోసం. నాలుగో పోటీలో అందరూ మోకాళ్లు చెవుల దగ్గర పెట్టుకున్నది మీలా కూర్చోవడానికి. చరిత్ర చెప్పేవాణ్ణి, ఆధారం సరిచూసుకోవాల్సింది. ఆమె నా అంత పొడవు. పోటీల్లో ఇలాగే కూర్చుంటారు కాబోలనుకున్నాను. ఎప్పుడూ వచ్చి చూడలేదు.

నవ్వి చాలా రోజులైంది. ఎలా ఆపాలో తెలియలేదు.

మీరు దిగాక నేను ఎక్కి, మీట లాగి సీటు వెనక్కి నెట్టాను. పోలీసు కొలిచి సరిపోయిందన్నాడు. అప్పుడు తల ఎత్తాను. అద్దంలో చిరుగు లేదు. రోడ్డు ఉంది. చివర మలుపుదాకా రోడ్డంతా ఉంది. ఏమీ తిప్పక్కర్లేకపోయింది.

తర్వాత జరిగింది మీరు పెట్టె మీద నుంచి చూశారు. సగం స్టీరింగు మీద చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. హారన్ అందలేదు. నంబరున్న వాళ్లలో ఆఖరున వచ్చాను. డాక్టరు గారు వెనక నుంచి వస్తుంటే కనిపించారు. దారి ఇచ్చాను. చేయి ఊపుతూ వెళ్లారు. ఆ తర్వాత అంబులెన్స్ ఒక్కటే మిగిలింది. దాని డ్రైవరు తల దువ్వుకుంటున్నాడు.

ఆమె ఆ అద్దంలో ఇవన్నీ చూసేదన్నమాట. ఇంటికి వస్తూ కూడా దారి పొడుగునా చూస్తూనే వచ్చాను.

ఇట్లు,
మీ బావ

తా.క. వచ్చే ఏడాదికి 27 రాసుకోండి. కారు గేటుకు ఎంత అడ్డంగా ఉన్నా సరే, మీరు మాత్రం ఎక్కకండి.