నీ నంబరు మీదున్న ఏడాది

బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీకో కబురు సెప్పాల. ఫారిన్ షిప్‌యార్డులో నాకు పైపు వెల్డరు ఉద్యోగం వచ్చింది, వీసా మాత్రం రాలేదు. నాను సదివిన బీకాం ఆ పనికి సరిపడదంట. డిగ్రీ బదులు అయిదేళ్ళు వెల్డింగు సేసినట్టు కాగితం సూపించాలంట.

మన కంపెనీ నాలుగేళ్ళకే కాగితం ఇచ్చింది. మొదటి ఏడాది కాగితాల్లో నాను హెల్పర్నే కదా. ఎవుడు వెల్డింగు సేస్తే ఆడి నంబరే జాయింటు పక్కన సుత్తితో కొట్టాల. నాను టెస్టు పాసై నంబరు తెచ్చుకోకుండానే నాతో సేయించి, నా జాయింట్ల పక్కన నీ నంబరు కొట్టేవోడివి. "అయితే ఏటి? నీ నంబరొచ్చేదాకా నాది వాడుకోరా" అనేవోడివి.

ఆ జాయింట్లు నావేనని రాసిచ్చేస్తే పనైపోద్దని వీసా ఏజెంటన్నాడు. రాస్తే నువ్వు తప్పుడు నంబరు కొట్టినోడివవుతావు. రాయనని సెప్పి, ఆడి సేతిలో ఫైలు లాక్కుని కంచరపాలెం ఇంటిదాకా నడిచొచ్చేసేను.

ఆ ఫారిన్ యార్డోళ్ళు ఆగితే ఆగుతారు, లేపోతే ఇంకో యార్డు సూసుకుంటాను. తక్కువైన ఆ ఏడాది మన కంపెనీలోనే మళ్ళీ సేత్తన్నాను. ఈరోజు పొద్దున్న ఆ లెక్కలో మొదటి జాయింటు పక్కన నా నంబరు కొట్టేను. నీ సుత్తితోనే కొట్టేను, బావా.