చేత్తో మార్చిన సెట్టింగ్

సోమవారం
మా మందుల ఆర్డర్ యాప్ నడిచే మూడు ఎన్విరాన్‌మెంట్లూ ఇప్పుడు నా కోడ్‌తోనే పుడుతున్నాయి — డెవలపర్లకొకటి, టెస్టింగ్‌కొకటి, జనం వాడే అసలుది ఒకటి. సెట్టింగ్‌లన్నీ కోడ్‌లోనే. అందులో రాయనిది, కోడ్ నడిపాక క్లౌడ్‌లో మిగలదు. లీడ్ కిరణన్న అందరి ముందూ మెచ్చుకున్నాడు. "ఈసారి పర్మనెంట్ లిస్టుల నీ పేరు పక్కా." ఈ కాంట్రాక్టు బతుకు తీరుతుందేమో. సంతోషంగా ఉంది, రాసుకోవాలి.

మంగళవారం
ట్రైన్‌లో యాకుత్‌పురాలో సీటు దొరికింది. తర్వాతి స్టేషనే మాది.

బుధవారం
కోడ్ నడిపాను. కాసేపటికే యాప్‌లో పేమెంట్లు ఆగిపోయాయి. తవ్వి చూస్తే — అసలు ఎన్విరాన్‌మెంట్‌లో డబ్బు కట్టించుకునే పేమెంట్ సర్వర్ అడ్రస్‌ను కిరణన్న నిన్ననే చేత్తో మార్చాడు. కోడ్‌లో రాయలేదు. నాకు చెప్పలేదు. నా కోడ్ తనకు తెలిసిన పాత అడ్రస్‌నే తిరిగి పెట్టింది.
అడిగితే — "అర్జెంటుండె. ఒక్క క్లిక్కే గదా, మల్ల జెప్దామనుకున్న..."

గురువారం
కిరణన్న పిలిచాడు. "రేపు కస్టమర్ కాల్ల నువ్వే మాట్లాడు. నీ కోడ్ నడిచినంకనే గదా ఆగింది. లీడ్ తప్పంటే టీమ్ ఇజ్జత్ పోతది."
తిలా పాపం తలా పిడికెడు అంటారు. మా టీమ్‌లో మాత్రం అంతా నా పిడికిట్లోనే.
బాపుకు చెప్పాను. పత్తర్‌గట్టి బట్టల షాపులో ఇన్నేళ్ల నౌకరీ. సేఠ్ కొలత తప్పి కోస్తే, తప్పు తనదేనని కొనడానికొచ్చిన గిరాకీకి దండం పెట్టేది బాపే. "ఒప్పుకో బిడ్డా. పెద్దోళ్లను మనం కాపాడితే వాళ్లు మనల్ని జూస్కుంటరు." నిజంగానే నమ్ముతాడు. అదే నా కోపం.

శుక్రవారం
ఒప్పుకున్నాను. "తప్పు నాదే, చూసుకోలేదు." కస్టమర్ మెత్తబడ్డాడు. కిరణన్న మ్యూట్‌లో.

సోమవారం
పర్మనెంట్ లిస్టు వచ్చింది. నేను లేను. కిరణన్నను అడిగాను.
"నేనేం జేస్త? అందరి ముంగట నువ్వే ఒప్పుకుంటివి గదా. హెచ్చార్ గదే అడిగె."
ఒళ్లు మండిపోయింది. బాపు అడిగితే లిస్టు ఇంకా రాలేదన్నాను.

బుధవారం, ఆఫీసులోనే
కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టే కోడ్ ఇప్పుడు నడపాలి. అది నడిస్తే పాత మూడింటినీ కోడ్‌లో ఉన్నట్టే మళ్లీ దిద్దుతుంది. కిరణన్న కస్టమర్లతో కాల్‌లో ఉన్నాడు, వాళ్లకు చూపిస్తాడట. నడిపే ముందు ఈసారి కోడ్‌లో ఉన్నదీ క్లౌడ్‌లో ఉన్నదీ పోల్చి చూశాను. జనం వాడే అసలుదానిలో మళ్లీ ఒక సెట్టింగ్ తేడా. చేత్తో మార్చిందే. మార్చినవాళ్ల దగ్గర అతని పేరు.
కోడ్‌లో ఆ లైను కలిపితే ఏమీ కాదు. కలపకపోతే ఆ మార్పు పోతుంది, యాప్ ఆగుతుంది, ఈసారి వాళ్ల కళ్ల ముందే. మందులు తెప్పించుకునేవాళ్లూ ఆగుతారు. వాళ్లు నన్నేం చేశారు...
చాట్‌లో కిరణన్న — "నడిపినవా? అందరు చూస్తున్నరు."
లైను కలిపాను. తీసేశాను. "నడిపిస్తున్న అన్నా" అని టైప్ చేశాను, ఇంకా పంపలేదు.