బుజ్జిదాని నడక

నేను కులాసా. రాత వంకరగా ఉంటే ఓడ ఊగుతోందని అర్థం, ఒంట్లో బాగోలేదని కాదు.

ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్న మన బుజ్జిది కాళ్లు ఎడంగా వేసుకుని బాతులా నడుస్తోందని, కాళ్లలో ఏదో లోపముందని అమ్మ బెంగ పెట్టుకుందని రాశావు. మా యుద్ధనౌకలో అందరం అలాగే నడుస్తాం. నిన్న అలలు జోరుగా ఉంటే, మా వంటాయన నిండు టీ కెటిల్ పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసుకుంటూ ఇరుకు దారంతా నడిచొచ్చాడు. చుక్క ఒలకలేదు. ఫిరంగుల దగ్గర పనిచేసే కొత్తాయన మాత్రం పరేడ్‌లోలా మడమలు కలిపి నిలబడి, కప్పుతో సహా నా ఒళ్లో పడ్డాడు.

"కాళ్లు విడదీసి నిలబడవయ్యా! సముద్రం నీకు సెల్యూట్ కొట్టదు" అన్నాడు వంటాయన.

బుజ్జిదానికి నేల ఇంకా ఊగుతున్నట్టే ఉంటుంది. తొందరపెట్టకండి. అయినా అమ్మ మనసు కుదుటపడాలంటే ఓసారి డాక్టరుకి చూపించు.

వంటింట్లో కుళాయి కారడం ఆగిందా? నా స్వెట్టరు ఎండలో వెయ్యి. అమ్మకి నమస్కారాలు.

ఓడ దిగిన కొత్తలో నాకూ నేల ఊగుతూనే ఉంటుంది. నేనొచ్చేదాకా నడక మొత్తం నేర్చేసుకోవద్దని బుజ్జిదానికి చెప్పు. నాతోపాటు తూలడానికి ఇంట్లో ఒకరుండాలి.